ఆ గంట నాది

"మీకేం వదినా, మిషను ఇంట్లోనే కదా!" అంటారు దర్శిలో మా వీధివాళ్లు. ఇంట్లో కుట్టే పనీ పనేనని 1972లో అహ్మదాబాదులో ఇలా భట్ గారు 'సేవ' సంఘమే పెట్టారు. మా వీధిదాకా ఆ కబురు రాలేదు మరి!

పోయిన సంక్రాంతికి ముందు వారంపాటు దేనికెంతసేపు పట్టిందో మావాడి పాత నోట్సులో రాశాను. లైనింగు జాకెట్టే గిట్టుబాటు. చీరకు ఫాల్ కుట్టాలంటే గంట పైనే, చేతికొచ్చేది తక్కువ. "కాస్త వదులు చేసిపెట్టండి" అన్నవి పదకొండు. అన్నీ ఊరికే!

ఫాల్ పని ఎదురింటి పిన్నిగారికి అప్పజెప్పాను. వదులు చేసినందుకు డబ్బులడిగితే ఒకావిడ మాట్లాడటం మానేసింది. మిరపకోతలకెళ్లేవాళ్ల చిరుగులకు మాత్రం లెక్క చూడను. తెల్లారితే ఆ జాకెట్టుతోనే చేలోకి వెళ్లాలి వాళ్లు.

మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు దాకా మిషను మూత తీయను. మూడు నెలలుగా సగంలో ఆగిన కథ మొన్ననే పోస్టులో వేశాను.