మాట నిలిచిన చోట, మాట తప్పిన చోట

మధ్యయుగ ఐరోపాలో యూదులకు సొంత రాజ్యం లేదు, సైన్యం లేదు. వారి ధన మాన ప్రాణాలకు ఉన్న రక్ష పాలకుడు ఇచ్చిన మాట ఒక్కటే. కనుక ఆనాటి ఏ పాలన ఎంతటి న్యాయమైనదో తేల్చడానికి యూదుల జీవితం మంచి గీటురాయి. ఆ గీటురాయిపై క్రైస్తవ రాజ్యాలతో పాటు ముస్లిం రాజ్యాలనూ పెట్టి చూద్దాం.

ఇస్లామీయ ధర్మశాస్త్రం యూదులను, క్రైస్తవులను ‘జిమ్మీలు’గా, అనగా రక్షణ ఒప్పందం పొందినవారిగా గుర్తించింది. వారు జిజియా చెల్లించేవారు. ముస్లిములతో సమాన హోదా వారికి లేదు. వస్త్రధారణపై, కొత్త ప్రార్థనాలయాల నిర్మాణంపై ఆంక్షలుండేవి. అయినా తమ మతాన్ని పాటించే హక్కు, తమ పెద్దల వద్ద తమ ధర్మానుసారం తీర్పు పొందే హక్కు వారికి శాస్త్రబద్ధంగా లభించాయి.

ఆ నీడలోనే అందలూస్‌లో, అనగా ముస్లిం స్పెయిన్‌లో, యూదుల ప్రతిభ వికసించింది. 10వ శతాబ్దంలో ఖుర్తుబా ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ ఆస్థానంలో హస్దాయి బిన్ షప్రూత్ అనే యూదుడు వైద్యునిగా, విదేశీ రాయబారాలు నడిపే అధికారిగా వెలిగాడు. బైజాంటైన్ చక్రవర్తి కానుకగా పంపిన గ్రీకు ఔషధ గ్రంథంలోని మూలికల పేర్లను నిర్ధారించడానికి ఆయన, ఒక క్రైస్తవ సన్యాసి, ముస్లిం వైద్యులు కలిసి పనిచేశారు. తరువాతి శతాబ్దంలో గ్రనాడా రాజ్యానికి ఇస్మాయీల్ బిన్ నగ్రీలా అనే యూదుడు మంత్రి అయ్యాడు.

అదే గ్రనాడాలో 1066లో ఆ మంత్రి కుమారుణ్ణి అల్లరిమూక చంపివేసింది. ఎందరో యూదులు ఆ హింసాకాండకు బలి అయ్యారు. 12వ శతాబ్దంలో మువహ్హిదులు అధికారానికి వచ్చి ఆ రక్షణ ఒప్పందాన్నే తోసిపుచ్చారు. ఖుర్తుబాలో పుట్టిన మహాపండితుడు మూసా బిన్ మైమూన్ కుటుంబం ఊరు విడిచి, ఏళ్ళ తరబడి తిరిగి, ఈజిప్టు చేరింది. అక్కడ సలాహుద్దీన్ అయ్యూబీ పాలనలో ఆయన ఆస్థాన వైద్యుడయ్యాడు. వైద్య గ్రంథాలను అరబీలో రచించాడు. ఆయనను తరిమినదీ ముస్లిం పాలనే, ఆదరించినదీ ముస్లిం పాలనే. ఒకటి ఒప్పందాన్ని మన్నించింది, మరొకటి కాలరాసింది.

క్రైస్తవ ఐరోపాలోనూ మంచి మాటలకు కొదవ లేదు. జర్మనీలోని స్పెయర్ నగర బిషప్ 1084లో యూదులకు రక్షణ పత్రం రాసి ఇచ్చాడు. పన్నెండేళ్ళకు శిలువ యుద్ధాల మూకలు వచ్చినప్పుడు అక్కడి బిషప్ వారిలో చాలామందిని కాపాడగలిగాడు. వర్మ్స్, మైంజ్ నగరాలలో మాత్రం యూదులు ఊచకోతకు గురయ్యారు. ఇంగ్లండులో యూదులు రాజు సొత్తుగా పరిగణింపబడ్డారు. పన్నులతో వారిని పిండిన పిమ్మట మొదటి ఎడ్వర్డ్ 1290లో అందరినీ దేశం నుండి వెళ్ళగొట్టాడు. 1348లో ప్లేగు వ్యాపించగా, యూదులే బావులలో విషం కలిపారన్న నింద పుట్టింది. ప్లేగు యూదులనూ చంపుతున్నదని పోప్ ఆరవ క్లెమెంట్ చెప్పినా మూకలు వినలేదు. మరుసటి ఏడాది స్ట్రాస్‌బర్గ్‌లో యూదులను సజీవ దహనం చేశారు.

1492 జనవరిలో గ్రనాడా క్రైస్తవ రాజుల వశమైంది. మార్చిలో యూదుల బహిష్కరణ శాసనం వెలువడింది. మత స్వేచ్ఛకు హామీ ఇచ్చే ఒప్పంద పత్రం చేతిలో ఉన్న గ్రనాడా ముస్లిములకూ ఆ విపత్తు పదేళ్ళలోపే చేరింది: మతం మారండి లేదా వెళ్ళిపొండి అన్న ఆజ్ఞ వారికీ వచ్చింది. బహిష్కృతులైన యూదులలో అనేకులకు ఉస్మానీ సుల్తాన్ రెండవ బాయజీద్ ఆశ్రయమిచ్చాడు.

రక్షణ ఒప్పందం పొందినవానికి అన్యాయం చేసేవానిపై ప్రళయదినాన తానే వాదిస్తానని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. 1066 నాటి మూకలకు ఆ హెచ్చరిక తెలియనిది కాదు. మన పిల్లలకు హస్దాయి కథ చెప్పేటప్పుడు ఆ మూకల కథనూ చెప్పాలి. న్యాయసాక్ష్యం స్వజనానికి వ్యతిరేకంగానైనా పలకవలసిందేనని ఖుర్ఆన్ మనకు నేర్పింది. అల్పసంఖ్యాకులుగా బ్రతికే మనకు, మాట తప్పిన రాజ్యంలో మనిషి బ్రతుకు ఏమవుతుందో ఒకరు వివరించి చెప్పనవసరం లేదు.