వెనక నుంచి గుద్దితే తప్పు ఎవరిది?

మిర్చి ఏరే రోజుల్లో మహబూబాబాద్ జిల్లా తొర్రూరు, మరిపెడ రోడ్ల మీద తెల్లారకముందే ఆటోలు కదులుతాయి. ఆటో నిండా కూలికి పోయే ఆడవాళ్లే. జనగామ మీదుగా హైదరాబాద్-వరంగల్ రోడ్డు మీద బస్సులు, కార్లు ఆగకుండా పోతుంటాయి. భూపాలపల్లి వైపు బొగ్గు లారీలు. ఈ రోడ్ల మీద వెనక బండి వచ్చి ముందు బండిని గుద్దడం కొత్త సంగతి కాదు.

అట్లా జరిగితే ఊళ్లో అందరూ ఒకటే మాట అంటారు. "వెనక నుంచి గుద్దినోడిదే తప్పు." ఈ మాట చాలావరకు నిజం. కాని కోర్టుకు మాట ఒక్కటే చాలదు. రుజువు కావాలి.

రెండు బండ్లు ఒకదాని వెనక ఒకటి పోతుంటే నడుమ ఎడం ఉండాలి. ముందు బండి ఉన్నట్టుండి ఆగినా గుద్దకుండా ఆపుకునేంత ఎడం. ఇది చట్టంలో ఉన్న నియమం. 2018లో నిషాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ నియమాన్నే చూసింది. ఒక కారు ముందు పోయే ట్రక్కును వెనక నుంచి గుద్దింది. ట్రక్కు ఒక్కసారిగా బ్రేకు వేసిందని కారు తరఫువాళ్లు అన్నారు. ఎడం పాటించని కారుదే తప్పని కోర్టు తేల్చింది.

మరి ముందు బండిది తప్పు కాదా? ఒక్కోసారి అవుతుంది. రాత్రిపూట లైటు లేకుండా నడిరోడ్డు మీద లారీ వదిలిపెట్టి పోతారు. పత్తి ట్రాక్టరుకు వెనక ఎర్ర లైటు ఉండదు. కర్ణాటకలో 2013లో ఇట్లాగే వదిలేసిన పెద్ద ట్రక్కును ఒక కారు గుద్దింది. నలుగురు చనిపోయారు. కింది కోర్టులు సగం తప్పు కారుదే అన్నాయి. 2024లో సుప్రీంకోర్టు ఆ తీర్పు మార్చింది. లైట్లు లేకుండా ట్రక్కు వదిలేసినవాళ్లదే తప్పంది. ఇంకో మాట కూడా చెప్పింది. డ్రైవరు తప్పును బండిలో కూర్చున్నవాళ్ల మీద వెయ్యకూడదు. ఆటోలో పోయే కూలీలకు ఈ మాట ఎంతో ముఖ్యం.

తప్పును పంచిన కేసు కూడా ఉంది. కోయంబత్తూరులో 2017లో ఒక కారు హైవే మీద సైగ ఇవ్వకుండా ఆగింది. వెనక మోటారు సైకిల్ దాన్ని తగిలి పడింది. ఆ వెనక బస్సు వచ్చి ఆ యువకుడి కాలు మీద ఎక్కింది. కాలు తీసేశారు. 2025లో సుప్రీంకోర్టు కారుకు 50 వంతులు, బస్సుకు 30, యువకుడికి 20 వంతుల తప్పు వేసింది. అంటే నూటికి 20 రూపాయల చొప్పున అతని పరిహారం తగ్గింది. అందుకే ఇన్సూరెన్సు కంపెనీ ఎదుటివాళ్ల తప్పు ఎంతోకొంత చూపించాలని చూస్తుంది.

"బండి మీద ముగ్గురు ఎక్కారు, అందుకే పడ్డారు" అని కూడా వాదిస్తారు. ఢిల్లీలో 2008లో ముగ్గురు పోతున్న మోటారు సైకిల్‌ను కారు వెనక నుంచి గుద్దింది. కొడుకు చనిపోయిన తల్లిదండ్రులకు హైకోర్టు పదో వంతు కోసింది. 2020లో సుప్రీంకోర్టు ఆ కోత తీసేసింది. ముగ్గురు ఎక్కడం తప్పే. కాని ఆ తప్పు వల్లనే ప్రమాదం జరిగిందని చూపించకుండా కోత పెట్టకూడదని చెప్పింది.

ఇక రుజువు సంగతి. అన్నిటికంటే ముందు పోలీసు ఫిర్యాదు. "లారీ ఓనరు పాతిక వేలు ఇస్తడట, కేసు ఎందుకమ్మా" అనే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ మాట విని ఫిర్యాదు చెయ్యకపోతే తరువాత చూపించడానికి కాగితమే ఉండదు. ఫిర్యాదు కింద సంతకం పెట్టేముందు ఆమె దాన్ని చదువుకోవాలి. బండి నంబరు ఉందా? "వెనక నుంచి గుద్దింది" అని ఉందా? అప్పుడు ముందు బండి కదులుతున్నదా, ఆగి ఉన్నదా? నంబరు తెలిసి కూడా "గుర్తు తెలియని బండి" అని రాస్తే పెద్ద నష్టం. గుర్తు తెలియని బండి గుద్ది పోతే చనిపోయినవాళ్లకు 2 లక్షలు, పెద్ద దెబ్బలకు 50 వేలు మాత్రమే వస్తాయి. ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఫిర్యాదు చేసినవాళ్లకు ఉచితంగా ఇవ్వాలి.

బండ్లు కూడా సాక్ష్యం చెప్తాయి. ఆటో వెనక భాగం నుజ్జయి, లారీ ముందు భాగం సొట్టపోతే ఎవరు ఎవరిని గుద్దారో తెలిసిపోతుంది. బ్రేకు ఇన్‌స్పెక్టరు బండిని చూసి రాసే రిపోర్టు, పోలీసుల పంచనామా, రోడ్డు పటం, టైర్ల గీతలు, ఫోన్లో తీసిన ఫొటోలు పనికివస్తాయి. బండ్లు పక్కకు తీయకముందే ఫొటో తీయాలి. చూసినవాళ్ల పేర్లు రాసిపెట్టుకోవాలి.

పరిహారం కేసు వేరు, డ్రైవరుకు శిక్ష వేసే కేసు వేరు. శిక్ష కేసుకు గట్టి రుజువు కావాలి. పరిహారం కేసులో జడ్జి ఏ మాట ఎక్కువ నమ్మదగినట్టు ఉందో చూస్తారు. తప్పు రుజువు చెయ్యలేనివాళ్లకు ఇంకో దారి ఉంది. బండి తెలిస్తే చాలు, చావుకు 5 లక్షలు, పెద్ద దెబ్బకు రెండున్నర లక్షలు అడగవచ్చు.

ప్రమాదం జరిగిన చోట గాని, బాధితులు ఉండే చోట గాని కేసు వెయ్యవచ్చు. 2022 జూన్ 2 నుంచి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లికి వేరువేరుగా జిల్లా కోర్టులు వచ్చాయి. దానికోసం వరంగల్ దాకా పోనక్కరలేదు. చట్టంలో గడువు ఆరు నెలలు. గడువు దాటిందని కేసులు కొట్టెయ్యవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు తాత్కాలికంగా చెప్పింది. అయినా ఆరు నెలల్లోపు వేస్తే ఏ పేచీ ఉండదు.

వకీలుకు డబ్బు లేదని ఆగనవసరం లేదు. ఆడవాళ్లకు ఆస్తి, ఆదాయం చూడకుండానే ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 చట్టంలో ఉంది. జిల్లా కోర్టులోనే న్యాయసేవల సంస్థ ఆఫీసు ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెప్తారు.