మిద్దెపై చంద్రగ్రహణము

2025 సెప్టెంబరు 7వ తేదీ, భాద్రపద పూర్ణిమనాటి రాత్రి 9 గంటల 57 నిమిషములకు చంద్రబింబమును భూచ్ఛాయ తాకెను. 11 గంటల 1 నిమిషమునకు సంపూర్ణముగ కప్పి, 82 నిమిషములు విడువలేదు. ఇట్టి దృశ్యమునకు దూరదర్శిని యేల? మబ్బు లేనిచో బడంగ్‌పేటలో మిద్దె యెక్కుటయే చాలును. నగరదీపములు చుక్కలను మ్రింగినను చంద్రుని మ్రింగజాలవు.

గ్రస్తుడైనను చంద్రుడు అదృశ్యుడు గాక తామ్రవర్ణము దాల్చును. సూర్యకాంతిలోని నీలిమను భూవాయుమండలము చెదరగొట్టి, మిగిలిన యెరుపును వంచి యా నీడలోనికి పంపును. అచట వెలుగునది మన లోకపు ఉదయాస్తమయముల కాంతియే!

సూర్యగ్రహణమువలె దీనివలన కంటికి హాని లేదు. గర్భమునకు అసలే లేదు. అయినను గర్భిణులను నీరైన ముట్టనీయక చీకటిగదిలో నుంచు ఇండ్లు మన పట్టణములలో నేటికిని గలవు. 2028 డిసెంబరు 31వ తేదీ రాత్రి మరల సంపూర్ణగ్రహణము మనకు కనబడనున్నది. ఆనాడైన కోడండ్రను మిద్దెపైకి పిలువుడు.