పోలీసు శాఖలో ఎవరి పని ఏది? మదనపల్లె, పుంగనూరు, కుప్పం కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయాలు

స్టేషన్ మెట్లు ఎక్కితే పరువు పోయినట్టే అని మన ఇళ్లలో పెద్దలు ఇప్పటికీ అనుకుంటారు. ఏదైనా జరిగితే ముందు మసీదు కమిటీ సదర్ సాబ్ దగ్గరికి పోతాం, తర్వాత మొహల్లాలో పలుకుబడి ఉన్న భాయ్ దగ్గరికి, అక్కడా తెగకపోతే లీడర్ దగ్గరికి. పోలీసుల దగ్గరికి వెళ్లేది అన్నీ అయిపోయాకే. అప్పుడు కూడా ఎవరి దగ్గరికి పోవాలో తెలీదు. ఒకరు డీఎస్పీ ఆఫీసుకు పొమ్మంటారు, ఒకరు సైబర్ వాళ్లు జిల్లా కేంద్రంలో ఉంటారంటారు, ఇంకొకరు సీఐడీకి అర్జీ పెట్టమంటారు. ఈ తిరుగుడులో పోయే గంటలు కొన్నిసార్లు ఎంత డబ్బు పెట్టినా తిరిగి రావు. అందుకే పోలీసు శాఖలో ఏ విభాగం ఏం చేస్తుందో, వాటిలో మన పని ఎక్కడ మొదలవుతుందో చూద్దాం.

స్టేషన్‌లో కానిస్టేబుల్, హెడ్ కానిస్టేబుల్, ఏఎస్సై, వాళ్ల మీద ఎస్సై ఉంటారు. పైన సీఐ, సబ్ డివిజన్‌కు డీఎస్పీ, జిల్లాకు ఎస్పీ, కొన్ని జిల్లాలు కలిపి రేంజ్‌కు డీఐజీ, అందరి మీద మంగళగిరిలో డీజీపీ. ఇది అందరికీ కొద్దో గొప్పో తెలిసిందే. తెలియాల్సింది ఇంకొకటుంది. ఫిర్యాదు తీసుకుని ఎఫ్ఐఆర్ రాసే బాధ్యత చట్టం ప్రకారం స్టేషన్ ఇన్‌చార్జిది. ఆయన్నే స్టేషన్ హౌస్ ఆఫీసర్ అంటారు. చిన్న స్టేషన్లలో ఎస్సై, పెద్ద స్టేషన్లలో సీఐ ఆ కుర్చీలో ఉంటారు. సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే గ్రీవెన్స్‌కు వెళ్లి అర్జీ ఇచ్చినా, మామూలుగా అది తిరిగి మీ ఊరి స్టేషన్‌కే వస్తుంది. మదనపల్లెలో వన్ టౌన్, టూ టౌన్, తాలూకా అని స్టేషన్లు వేరు వేరుగా ఉన్నాయి కదా, మన వీధి ఏ స్టేషన్ కిందికి వస్తుందో ఇంట్లో ఆడవాళ్లకు, పిల్లలకు కూడా తెలిసి ఉండాలి.

జిల్లాల గొడవ ఒకటి ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది. పుంగనూరు, కుప్పం చిత్తూరులోనే ఉన్నాయి. 2025 చివర్లో మళ్లీ గీతలు కదిలాయి. గీత ఎటు కదిలినా మారేది ఎస్పీ ఆఫీసు అడ్రసు. మీ వీధికి దగ్గరున్న స్టేషన్ ఉన్నచోటే ఉంటుంది.

స్పెషల్ టీంలు ఎలా వస్తాయి?

దీనికి మదనపల్లెలోనే మంచి ఉదాహరణ ఉంది. 2024 జులై 21 ఆదివారం రాత్రి సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి ఫైళ్లు కాలిపోయాయి. మరుసటి రోజే అప్పటి డీజీపీ ద్వారకా తిరుమలరావు హెలికాప్టర్‌లో వచ్చి చూశారు. ఫోరెన్సిక్ వాళ్లు నమూనాలు తీసుకున్నారు, తర్వాత కేసు సీఐడీకి వెళ్లింది. ఊర్లో చాలామంది దీన్ని చూసి "పెద్ద కేసైతే సీఐడీ నేరుగా వస్తుంది" అనుకున్నారు. అసలు వరుస అది కాదు. మామూలుగా మొదట స్థానిక స్టేషన్‌లో కేసు నమోదు కావాలి. వేలిముద్రలు, మిగతా ఆనవాళ్లు సేకరించే క్లూస్ టీం గానీ, డాగ్ స్క్వాడ్ గానీ ఆ కేసు కోసమే వస్తాయి. పరీక్షలకు ల్యాబ్ కావాలంటే తిరుపతిలో ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది. సీఐడీకి బదిలీ చేయాలా వద్దా అన్నది పైన తేలుస్తారు. మనం సీఐడీకి అర్జీ పెట్టుకోవచ్చు, కానీ దాన్ని నమ్ముకుని స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వకుండా కూర్చుంటే నష్టపోయేది మనమే.

క్లూస్ టీం విషయంలో ఒక మాట. దొంగతనం జరిగిన ఇంట్లో చుట్టుపక్కలవాళ్లు అందరూ వచ్చి బీరువా తలుపులు ముట్టుకుని, పగిలిన తాళం చేత్తో పట్టుకుని చూసి, చివరికి "నీళ్లు చల్లి ఊడ్చండి" అంటారు. పోలీసులు వచ్చేసరికి ఇల్లు తళతళలాడుతుంటుంది, వేలిముద్రలు మాత్రం ఉండవు. గదికి బయటినుంచి గొళ్లెం పెట్టి కూర్చోవడమే ఆ పూట మనం చేయగలిగిన సాయం.

బిడ్డ కనపడకపోతే

2024 సెప్టెంబర్ ఆఖరులో పుంగనూరులో మన ఇంటి చిన్నారి ఒకరు ఆడుకుంటూ కనపడకుండా పోయి, అక్టోబర్ 2న సమ్మర్ స్టోరేజ్ ట్యాంకులో శవమై దొరికింది. పోలీసులు ప్రత్యేక బృందాలు పెట్టి వెతికారు, తర్వాత నిందితులను అరెస్టు చేశారు. ఆ నాలుగు రోజులు పుంగనూరులో ఏ ఇంట్లోనూ అన్నం సయించలేదు. ఆ కుటుంబం బాధ మీద రాసేందుకు ఇక్కడ ఏమీ లేదు. మిగిలిన కుటుంబాలకు ఉపయోగపడే రెండు సంగతులు మాత్రం చెప్పాలి.

మొదటిది, "24 గంటలు చూసి రండి" అనే రూల్ ఏ చట్టంలోనూ లేదు. 2013 మేలో బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: బిడ్డ తప్పిపోయిందని వచ్చిన ప్రతి ఫిర్యాదునూ ఎఫ్ఐఆర్‌గా రాయాలి, కిడ్నాప్ లేదా అక్రమ రవాణా అయి ఉండొచ్చన్న అనుమానంతోనే దర్యాప్తు మొదలుపెట్టాలి. నాలుగు నెలల్లో ఆచూకీ దొరక్కపోతే కేసు మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి పోతుంది. బంధువుల ఇళ్లు వెతకడం, మసీదు మైకులో చెప్పించడం మంచిదే, కానీ అదే సమయంలో ఇంట్లో ఒకరు 112కు ఫోన్ చేసి, ఇంకొకరు ఫొటో తీసుకుని స్టేషన్‌కు పరుగెత్తాలి. ఒకటి అయ్యాక ఇంకొకటి కాదు. 1098 చైల్డ్‌లైన్ కూడా ఉంది. ఒంటి మీద బట్టల రంగు, చెప్పులు, చెవి పోగులు, చివరగా ఎవరు చూశారు, ఎన్ని గంటలకు అన్నది ముందే ఒక కాగితం మీద రాసుకుంటే అక్కడ తడబడరు.

రెండోది వాట్సాప్. వెతికేటప్పుడు ఫొటో పంపడం వేరు. నేరం జరిగిందని తెలిశాక కూడా ఆ బిడ్డ పేరు, ఫొటో, ఇంటి గుర్తులు షేర్ చేస్తూ పోవడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. పుంగనూరు రోజుల్లో ఎవరికి తోచింది వాళ్లు రాసి పంపారు. ఆ మెసేజ్‌లు తల్లిదండ్రుల ఫోన్లకు కూడా చేరతాయని ఎవరూ ఆలోచించలేదు.

ఖాకీ వేసిన ప్రతి ఒక్కరూ ఫిర్యాదు తీసుకోరు

బందోబస్తులో కనపడేవాళ్లలో చాలామంది సివిల్ పోలీసులు కారు. జిల్లా ఎస్పీ చేతి కింద ఆర్మ్‌డ్ రిజర్వ్, అంటే ఏఆర్ వాళ్లు ఉంటారు. అది చాలకపోతే కర్నూలు, వెంకటగిరి, కడప లాంటి చోట్ల ఉన్న ఏపీఎస్పీ బెటాలియన్ల నుంచి బలగాలను తెప్పిస్తారు. 2023 ఆగస్టు 4న పుంగనూరులో గొడవ జరిగి పోలీసు వాహనాలు కాలి, పలువురు పోలీసులకు దెబ్బలు తగిలిన తర్వాత ఊరి నిండా ఎక్కడివాళ్లో కొత్త ముఖాలు కనపడింది అందుకే. మావోయిస్టుల కోసం 1989లో పెట్టిన గ్రేహౌండ్స్, ఉగ్రవాదం కోసం 2007లో వచ్చిన ఆక్టోపస్ మన రోజువారీ జీవితంలోకి రావు, తిరుమల వెళ్లే దారిలో ఆక్టోపస్ వాళ్లు కనపడితే కనపడొచ్చు. ఎర్రచందనానికి తిరుపతి కేంద్రంగా వేరే టాస్క్‌ఫోర్స్ ఉంది.

మన మొహల్లాలకు పనికొచ్చేది ఈగల్. గంజాయి, డ్రగ్స్ మీద 2024 నవంబరులో ఏర్పాటైన విభాగం ఇది, టోల్ ఫ్రీ నంబర్ 1972. కొడుకు చేతిలో ఏదో ప్యాకెట్ దొరికితే అమ్మీ దాచిపెడుతుంది, అబ్బాకు చెబితే కొడతాడని. ఈలోగా అమ్మేవాడు ఇంకో నలుగురు పిల్లల్ని పట్టుకుంటాడు.

పేర్లు మాత్రం ప్రభుత్వంతో పాటు మారుతుంటాయి. 2020లో సారా, ఇసుక కోసం సెబ్ అన్నారు, 2024లో తీసేశారు. ఆడపిల్లల కోసం దిశ అన్నారు, 2025 మార్చి 8న శక్తి యాప్ వచ్చింది. ఫోన్‌లో పాత యాప్ ఉంటే తీసేసి కొత్తది వేయించండి. యాప్ రాకపోయినా 112 నొక్కడం చిన్నపిల్లలకు కూడా వస్తుంది.

ఫోన్‌లో డబ్బు పోతే మాత్రం వరుస కొంచెం వేరు. స్టేషన్ కంటే ముందు 1930. ఓటీపీ చెప్పేశాం, లింక్ నొక్కేశాం, "మీ అబ్బాయి కువైట్‌లో కేసులో ఇరుక్కున్నాడు, డబ్బు పంపండి" అంటే నమ్మి పంపేశాం, ఏదైనా సరే సిగ్గుపడి రాత్రంతా కూర్చోకండి. పోయిన డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకుతూ పోతుంది, మధ్యలో ఎక్కడైనా ఆపాలంటే మొదటి గంట రెండు గంటల్లోనే వీలు. ట్రాన్సాక్షన్ నంబర్, ఏ బ్యాంకు, ఎంత, ఎన్ని గంటలకు, ఇవి చేతిలో పెట్టుకుని ఫోన్ చేయాలి. తర్వాత స్టేషన్‌లో కూడా రాసివ్వాలి.

కుప్పం వాళ్ల సరిహద్దు చిక్కు

కుప్పానికి ఒక పక్క కర్ణాటక, ఒక పక్క తమిళనాడు. పొద్దున రైలెక్కి బెంగళూరు పనికి పోయి రాత్రికి వచ్చేవాళ్లు వందల మంది. పర్సు మాలూరు దగ్గర పోయిందా, బంగారుపేట దగ్గర పోయిందా ఎవరికి తెలుసు? మా హద్దు కాదు అంటే మా హద్దు కాదు అని తిప్పేవాళ్లు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టం 173వ సెక్షన్ ఈ తిప్పుడుకు తాళం వేసింది. నేరం ఎక్కడ జరిగినా, కాగ్నిజబుల్ నేరమైతే మీరు వెళ్లిన స్టేషన్‌లోనే రాయాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. తర్వాత వాళ్లే సరైన స్టేషన్‌కు పంపుకుంటారు. ఈమెయిల్ లాంటి మార్గాల్లో కూడా ఫిర్యాదు పంపొచ్చు, మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి.

రైల్లో ఇద్దరుంటారు, అది గుర్తుంచుకోండి. ఆర్పీఎఫ్ కేంద్రానిది, రైల్వే ఆస్తిని కాపాడుతుంది, ప్రయాణికుల రక్షణకూ సాయపడుతుంది. మీ బ్యాగు పోయిన కేసు రాసేది జీఆర్పీ, అది రాష్ట్ర పోలీసే. రైల్లో ఉండగానే చెప్పాలంటే 139.

ఆడవాళ్లను, పెద్దవాళ్లను పిలిస్తే

సాక్షిగా విచారణకు ఆడవాళ్లను, 60 ఏళ్లు దాటినవాళ్లను, 15 ఏళ్లలోపు పిల్లలను స్టేషన్‌కు రమ్మని బలవంతం చేయకూడదు, ఇంటి దగ్గరే అడగాలి. ఇది 179వ సెక్షన్. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మహిళను అరెస్టు చేయకూడదు. తప్పనిసరి పరిస్థితిలో చేయాల్సి వచ్చినా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతితో మహిళా అధికారే చేయాలి. ఎవరిని అరెస్టు చేసినా ఇంట్లోవాళ్లకు చెప్పాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి.

ఒకేసారి మూడు తలాక్‌ల కేసులో 2019 చట్టం ప్రకారం ఫిర్యాదు చేయగలిగేది ఆ భార్య, లేదా ఆమెకు రక్తసంబంధం గానీ వివాహ సంబంధం గానీ ఉన్నవాళ్లు మాత్రమే. పక్కింటివాళ్లో, ఏదో సంఘంవాళ్లో వెళ్లి కేసు పెట్టలేరు. రాజీ కావాలన్నా ఆమె కోరితేనే, మేజిస్ట్రేట్ అనుమతితోనే. కమిటీ పెద్దలు ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడటంలో తప్పు లేదు. దెబ్బలు తగిలి వచ్చిన అమ్మాయిని "స్టేషన్‌కు పోతే కాపురం పోతుంది" అని ఆపడం మాత్రం ఎవరి హక్కూ కాదు. ఆమెకు 181 నంబర్ చెప్పండి.

గల్ఫ్‌కు పోయే ఇళ్లకు ఎక్కువగా తగిలేది స్పెషల్ బ్రాంచ్. పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కు వచ్చేది మామూలుగా వాళ్లే. పాస్‌పోర్టుకు కట్టాల్సిన ఫీజు అప్పటికే కట్టేశాం, ఇంటికి వచ్చినవాళ్లకు విడిగా ఇవ్వాల్సింది ఏమీ లేదు. చాయ్ ఇస్తే మన మర్యాద.

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే

వాదన పెట్టుకోకండి, లేచి వచ్చేయకండి కూడా. రాతపూర్వకంగా ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర అడగండి. ఇవ్వకపోతే అదే ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి పంపండి, రసీదు దాచుకోండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లొచ్చు. ఈ వరుస 173వ సెక్షన్‌లోనే ఉంది. అత్యాచారం, యాసిడ్ దాడి లాంటి నేరాల్లో సమాచారం నమోదు చేయని అధికారికి జైలు శిక్ష పడే సెక్షన్ కూడా బీఎన్ఎస్‌లో ఉంది, 199.

ఎఫ్ఐఆర్ రాశాక కాపీ ఉచితంగా ఇవ్వాలి. చేతికి తీసుకుని అక్కడే చదవండి, చదవడం రాకపోతే వచ్చినవాళ్లతో చదివించుకోండి. మీరు చెప్పిన సమయం, చోటు, పేర్లు, పోయిన వస్తువుల లెక్క సరిగ్గా పడ్డాయా చూసి, ఆ తర్వాతే సంతకం. 90 రోజుల్లోగా దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో పోలీసులే మీకు చెప్పాలి. చెప్పకపోతే ఎఫ్ఐఆర్ నంబర్ పట్టుకుని వెళ్లి అడగండి.