పాత సర్వేపటములు – పల్లెల పుట్టుపూర్వములు

మన పల్లెలలో ఏ కుటుంబము నడిగినను, "మా పెద్దలు ఫలానా ఊరినుండి వచ్చినారు" అను మాట యొకటి వినవచ్చును. ఆ ఊరెక్కడ నున్నదని అడిగినచో మాత్రము సమాధానము తడబడును. కొందఱు చేయి చాచి ఒక దిక్కు చూపుదురు. కొందఱు ఒక చెరువు పేరో, ఒక గుట్ట పేరో చెప్పుదురు. ఇంటిపేరుగా నిలిచిన ఆ ఊరు నేటి బస్సుల బోర్డులమీద గాని, మండల గ్రామముల జాబితాలలో గాని కనబడదు. అట్టి ఊళ్లను వెదకువారికి మిక్కిలి ఉపకరించు సాధనమొకటి కలదు. అది భారత సర్వే శాఖవారు ముద్రించిన పాత పటము. దీనినే టోపోషీటు అనియు అందురు. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములను ఉదాహరణముగా తీసికొని, ఆ పటమును చదువు విధమును, దానివలన కలుగు ప్రయోజనమును తెలిసికొందము.

మన దేశమున సర్వే శాఖ 1767లో ఏర్పడెను. 1802వ సంవత్సరమున విలియం లాంబ్టన్ మదరాసు సమీపమున సెయింట్ థామస్ మౌంటు దగ్గర ఉక్కుగొలుసుతో ఒక ఆధారరేఖను కొలిచి, త్రిభుజముల సాయమున దేశమంతయు కొలుచు మహాకార్యమును ఆరంభించెను. అట్టి ఆధారరేఖలే 1804లో బెంగుళూరు దగ్గరను, 1811లో గుత్తి దగ్గరను కొలువబడినవి. మన మూడు పట్టణములును ఈ రెండు చోట్లకు నడుమ నున్నవి. కొండ శిఖరములమీద గుర్తులు నిలిపి, ఒక కొండనుండి మఱొక కొండను దుర్భిణీతో చూచి కోణములు లెక్కించిన ఆ పని ఈ సీమ మీదుగనే ఉత్తరమునకు సాగినది.

1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసెను. 1809 మొదలు 1815 వఱకు కాలిన్ మెకంజీ ఆధ్వర్యమున దత్తమండలముల సర్వే జరిగెను. మెకంజీ నేలను కొలిపించుటతో తృప్తి చెందలేదు. గ్రామకరణములు, వృద్ధులు చెప్పిన వృత్తాంతములను గూడ వ్రాయించి సేకరించెను. కావలి లక్ష్మయ్య, రామస్వామి అను తెలుగు సోదరులు ఆయనకు ఈ పనిలో కుడిభుజములుగా నుండిరి. ఆ వ్రాతలే కైఫీయతులు. కొలతయు, కథయు జంటగా పుట్టిన సీమ మనది. వానిని జంటగానే చదువవలెనని నా మనవి.

కుటుంబచరిత్ర వెదకువారికి ఎక్కువగా పనికివచ్చునవి ఇరువదవ శతాబ్దమున రంగులలో అచ్చైన, మైలుకు ఒక అంగుళము చొప్పున గీచిన పటములు. వాని సంఖ్యలలో ఒక క్రమము కలదు. 57వ సంఖ్య గల పెద్దపటము 12 మొదలు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశము వఱకును, 76 మొదలు 80 డిగ్రీల తూర్పు రేఖాంశము వఱకును గల భూమిని కప్పును. దానిని పదునాఱు భాగములు చేసి ఇంగ్లీషు అక్షరములు పెట్టిరి. ప్రతి భాగమును మరల పదునాఱుగా విభజించి అంకెలు వేసిరి. ఈ లెక్క ప్రకారము ధర్మవరము 57 ఎఫ్ 11లోను, పెనుకొండ 57 ఎఫ్ 12లోను, లేపాక్షి 57 జి 9లోను వచ్చును. హిందూపురము 57 జి 5వ షీటునకు తూర్పు అంచున పడినది. కావున హిందూపురమువారు దానిని 57 జి 9తో చేర్చి చూచినగాని ఊరి చుట్టుపట్లన్నియు కానరావు. దశాంశమానము వచ్చిన తరువాత ఇవే షీట్లు కిలోమీటరుకు రెండు సెంటీమీటర్ల చొప్పున వెలువడినవి.

పటము చేతికి రాగానే ముందుగా అంచులను చదువవలెను. ఏ సంవత్సరమున సర్వే జరిగినది, ఏ సంవత్సరమున అచ్చైనది అచ్చటనే యుండును. ఈ రెండింటికి నడుమ పెక్కేండ్ల వ్యత్యాస ముండవచ్చును. పటము చెప్పునది సర్వే నాటి మాటయే గాని, అచ్చునాటిది కాదు. పిమ్మట గుర్తుల పట్టిక చూడవలెను. గోధుమరంగు గీతలు సమోన్నత రేఖలు. అంగుళపు పటములలో సాధారణముగా ఒక్కొక్క గీతకు ఏబది అడుగుల ఎత్తు పెరుగును. గీతలు ఒత్తుగా నున్నచోట కొండ నిట్టనిలువుగా నున్నదనియు, ఎడముగా నున్నచోట నేల చదునుగా నున్నదనియు గ్రహింపవలెను. నీరుండు చెరువులు, ఏరులు నీలముగను, ఎండువంకలు నల్లగను గీచి యుండును. గుడి, మసీదు, కోట, బావి, బండిబాట, కాలిబాట – ప్రతిదానికిని ఒక గుర్తు కలదు. జనావాసమున్న ఊరికి ఒక గుర్తు, జనము విడిచిపోయిన ఊరికి వేఱొక గుర్తు. మనకు కావలసిన రహస్యము తఱచుగా ఈ కడపటి గుర్తుననే దాగియుండును.

రెవిన్యూ భాషలో జనము లేని గ్రామమును బేచిరాకు గ్రామ మందురు. ఊరు పోయినను దాని పొలము లెక్కలలో నిలిచియుండును. ఊళ్లు పాడగుటకు కారణము లనేకములు – చెరువు తెగుట, అంటురోగములు, పాలెగాండ్ర పోరులు, అన్నిటిని మించి కరవు. 1876–78 నాటి ధాత కరవున మద్రాసు రాజధానిలో మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో బళ్లారి యొకటి. మన తాలూకాలు నాడు ఆ జిల్లాలోనివే. 1882లో గాని అనంతపురము ప్రత్యేక జిల్లా కాలేదు. కావున తాతల నాటి పత్రములలో "బళ్లారి జిల్లా" అని యున్నచో, మనవారు బళ్లారినుండి వచ్చిరని తొందరపడి నిశ్చయింపరాదు. ఇంటిముందటి పొలమే ఆ పత్రములోని పొలము కావచ్చును.

ఒక కుటుంబము ధర్మవరమున మగ్గము నేయుచున్న దనుకొందము. ఇంటిలోని అవ్వ, "మా జేజి పుట్టిన ఊరు చిత్రావతి అవతల, కుంటకాడ ఉండెనంట. ఆడ ఆంజనేయసామి గుడి ఒకటే మిగిలెనంట" అని చెప్పినది. ఆ మాటలో మూడు ఆధారములున్నవి: ఏరు, కుంట, గుడి. పటమున చిత్రావతి గట్టు వెంబడి వ్రేలు నడిపించుచు, కుంటయు గుడియు దగ్గరగా నున్న చోట్లనెల్ల పెన్సిలుతో గుర్తింపవలెను. ఐదాఱు చోట్లు తేలవచ్చును. వానిలో ఊరు లేని గుడి ఏది? బండిబాటలు వచ్చి కలిసికొని, కలిసినచోట ఇండ్లు లేని స్థల మేది? బాటలు ఊరక కూడవు. అవి కలిసినచోట ఒకప్పుడు మనుష్యులుండిరని తలంచుటకు అవకాశము కలదు. ఇట్లు తేలిన ఒకటి రెండు పేర్లను అవ్వకు చదివి వినిపించినచో, మఱచిన పేరు ఆమె నోటనే వెలువడవచ్చును.

పేర్ల విషయమున ఒక జాగ్రత్త అవసరము. పాత షీట్లు ఇంగ్లీషు లిపిలో నున్నవి. ఆ లిపిలో దకార డకారములకు, తకార టకారములకు, లకార ళకారములకు భేదము నిలువదు. దీర్ఘములును తఱచుగా లోపించును. "పల్లి" అని వ్రాసినది జనుల నోట "పల్లె" కావచ్చును, హిందూపురపు టెల్లలలో "హళ్ళి" కావచ్చును. పేరును కంటితో చదివి విడువక, పెద్దల చెవిని వేసి, వారి ఉచ్చారణమును తెలుగున వ్రాసికొనవలెను. ఊరిపేరు చివరనున్న సముద్రము, కుంట, చెరువు అను మాటలు ఆ ఊరు నీటిని ఆశ్రయించి పుట్టినదని తెలుపును. బుక్కపట్నము చెరువు విజయనగర రాజుల కాలపుది. ధర్మవరమున క్రియాశక్తి ఒడయరు చెరువు కట్టించి, తల్లి ధర్మాంబ పేరిట ఊరు నిలిపినాడని స్థానిక ప్రతీతి. మన సీమలో ఊరి కథ తఱచుగా చెరువుకట్టమీద మొదలగును.

రాష్ట్రపు సరిహద్దులు మాఱినను, తాలూకాలు మాఱినను, సర్వే షీటు వానిని లెక్కచేయదు. రొద్దము మన రాష్ట్రమునను, పావగడ కర్ణాటకమునను ఉన్నవి. రెండును 57 ఎఫ్ 8 అను ఒక్క షీటులోనే కలవు. హిందూపురపు కుటుంబములకు గౌరిబిదనూరు వైపున బంధుత్వము లుండుట వింత కాదు. కాగితములు రెండు రాష్ట్రముల కచేరీలలో చీలియున్నను, బండిబాట ఒక్కటే. ఇంటిలోని మూడు తరముల పెండ్లిసంబంధములను పటమున గుర్తించి చూడుడు. ఏ కొండకనుమ గుండ, ఏ ఏటిరేవు గుండ కోడండ్రు వచ్చిరో తెలిసిపోవును. పందొమ్మిదవ శతాబ్ది చివర రైలుదారులు పడిన పిమ్మట ఆ సంబంధములు ఎంత దూరమునకు ప్రాకినవో గూడ తెలియును.

ఈ పటములకు మితులున్నవి. వీనిలో సర్వే నంబర్లుండవు, భూయజమానుల పేర్లుండవు. పటమున బాట కనబడినంతమాత్రమున అది దారిహక్కునకు ఋజువు కాదు. పొలముల వివరములకు మైలుకు పదునాఱు అంగుళముల చొప్పున గీచిన గ్రామపటమును, ఇనాము రిజిష్టర్లను, ఇంటి పెట్టెలోని దస్తావేజులను చూడవలెను. దస్తావేజులోని చెక్కుబందిని – తూర్పున వంక, పడమట గుట్ట అను ఎల్లలను – సర్వేపటముతో పోల్చినచో రెండును ఒకదాని కొకటి సాక్ష్యము చెప్పును. 1984లో గ్రామకరణముల ఉద్యోగము రద్దైనది. 1985లో తాలూకాలకు మాఱుగా మండలములు వచ్చినవి. 2022 ఏప్రిల్ 4న ఈ ప్రాంతము శ్రీ సత్యసాయి జిల్లా అయినది. ఏ కాలపు పత్రము ఏ పేరుతో పిలుచునో తెలిసినగాని వెదకుట సాగదు.

నేడు పటములు సంపాదించుట మునుపటంత కష్టము కాదు. సర్వే శాఖవారు 2017 నుండి తమ క్రొత్త పటములను అంతర్జాలమున పౌరులకు ఉచితముగా అందించుచున్నారు. అమెరికా సైన్యము 1950 ప్రాంతములలో అచ్చువేసిన, నాలుగు మైళ్లకు అంగుళపు పటములను టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయము అందఱకును చూపుచున్నది. పాత పటమును ఉపగ్రహచిత్రముతో పోల్చునపుడు కొండ శిఖరము, చెరువుకట్ట, రైలుదారి – ఈ కదలని గుర్తులను ఆధారముగా గొనవలెను. పాతవాని అక్షాంశ రేఖాంశములు నేటి ఫోను చూపువానితో అచ్చముగా సరిపడవు.

పోల్చి చూచినపుడు మార్పు కొట్టవచ్చినట్లు కనబడును. పెనుకొండ సమీపమున ఎఱ్ఱమంచి దగ్గర 2019 నుండి మోటారుకార్లు తయారగుచున్నవి. నాలుగువరుసల రహదారి ప్రక్క ఒకప్పటి కుంటలు, వంకలు, బాటలు ఏమైనవో పాత షీటు చూచియే తెలిసికొనవలెను. నేలమీది గుర్తులు చెరిగినను కాగితముమీది గుర్తులు నిలుచును. కాని కాగితమునకు నోరు లేదు. ఆ కుంటను ఎవరు త్రవ్విరో, ఆ గుడిముందు ఏ యింటివారి మ్రొక్కుబడి నడచెనో చెప్పగలవారు మన యిండ్లలోని వృద్ధులే. షీటు రేపైనను దొరకును. వారి మాట రేపు దొరకునన్న భరోసా లేదు. కనుక వచ్చు పండుగకు బంధువులు కూడినపుడు, పటమును చాపమీద పఱచి, ఇంటిలో అందఱికంటె పెద్దవారిని దాని ప్రక్కన కూర్చుండబెట్టుడు. వారు చెప్పిన ప్రతి పేరును, చెప్పినవారి పేరుతోను తేదీతోను ఒక పుస్తకమున వ్రాసికొనుడు. కైఫీయతులు వ్రాయించుటకు మరల మెకంజీ రానక్కఱలేదు. ఆ పని ఇప్పుడు మనయింటి పిల్లలే చేయగలరు.