సరిగమలకు రంగులున్నాయా?

తమిళనాడులోని ధర్మపురి నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. మైసూరు వెళ్ళినప్పుడు బృందావన్ గార్డెన్స్‌లో మ్యూజికల్ ఫౌంటెన్ చూశారట. పాటతోపాటు నీళ్ళ రంగులు మారుతుంటే ఆమెకు ఒక సందేహం వచ్చింది: "స్వరాలు ఏడు, ఇంద్రధనుస్సు రంగులు ఏడు. ఏ స్వరానికి ఏ రంగో సైన్సు తేల్చిందా?" ఈ ప్రశ్న చదివాక ఈ నెలకు అనుకున్న వ్యాసాన్ని పక్కన పెట్టేశాను.

ముందు ఫౌంటెన్ సంగతి రెండు ముక్కల్లో. కావేరి మీద కృష్ణరాజసాగర్ ఆనకట్ట పని 1911లో మొదలైంది. చీఫ్ ఇంజనీరు విశ్వేశ్వరయ్య. ఆయన పూర్వీకులది మన ఆంధ్రలోని మోక్షగుండం ఊరే. ఆనకట్ట కింద ఈ తోట వేయించింది మైసూరు దివాన్ మీర్జా ఇస్మాయిల్. ఆ కావేరే దిగువకు వచ్చి ధర్మపురి జిల్లాలో హొగెనకల్ దగ్గర దూకుతుంది. ఇలాంటి ఫౌంటెన్లలో ఉండేవి పంపులు, వాల్వులు, రంగుదీపాలు, స్పీకర్లు, వాటన్నిటినీ కలిపి నడిపే కంప్యూటర్లు. యంత్రం వరకు అంతే.

ఇక ప్రశ్న. ఆమె అడిగింది సాక్షాత్తూ న్యూటన్‌కు వచ్చిన సందేహం! పట్టకంలోంచి వచ్చిన రంగుల పట్టీలో ఆయన మొదట లెక్కపెట్టింది అయిదు ముఖ్యమైన రంగులే. తర్వాత నారింజ, ఇండిగో చేర్చి ఏడు చేశాడు. ఎందుకంటే సంగీతంలో స్వరాలు ఏడు కదా. 1704లో అచ్చయిన 'ఆప్టిక్స్'లో రంగుల చక్రం గీసి, స్వరాల మధ్య దూరాలను బట్టే దాన్ని భాగాలు చేశాడు. ఇంద్రధనుస్సులో నిజానికి గీతలు లేవు. ఒక రంగు తెలియకుండానే మరో రంగులోకి జారిపోతుంది. మనం బడిలో వల్లెవేసిన ఆ ఏడు, సంగీతం నుంచి అరువు తెచ్చుకున్న లెక్క.

ఆ అరువు చాలామందిని తప్పుదారి పట్టించింది. ఫ్రాన్సులో లూయీ కాస్టెల్ అనే జెసూట్ ఫాదరీ 1725లో రంగులు పలికే హార్ప్సికార్డ్ (మెట్లున్న తంత్రీవాద్యం) ఆలోచన ప్రకటించాడు. మెట్టు నొక్కితే ఒక రంగు కనబడాలి. ఆయన లెక్కలో పాశ్చాత్యుల మొదటి స్వరం 'డో' నీలం. రష్యన్ స్వరకర్త స్క్రియాబిన్‌కు అదే స్వరం ఎరుపు, ఆయన సమకాలికుడు రిమ్‌స్కీ కోర్సకోవ్‌కు తెలుపు! 1915లో న్యూయార్క్‌లో స్క్రియాబిన్ కృతి 'ప్రొమీథియస్'ను రంగుల వెలుగులతో ప్రదర్శించారు కూడా. ఒక స్వరానికి ముగ్గురు మూడు రంగులు చెప్పారంటే, తప్పు వాళ్ళ అభిరుచిలో లేదు. అసలు అలాంటి జత ఉందనుకోవడంలోనే ఉంది.

ఎందుకు లేదో చెప్పడమే నాకు ఇష్టమైన పని.

వేదిక మీద ఒకరు షడ్జం పట్టారనుకోండి, 240 హెర్ట్జ్. పక్కన ఇంకొకరు పంచమం, 360 హెర్ట్జ్. రెండూ కలిసి మన చెవిని చేరినా రెండూ విడివిడిగా వినిపిస్తాయి. తంబురా ముందు కూర్చున్న ప్రతివాళ్ళకూ ఇది అనుభవమే. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియాలో సుమారు 35 మిల్లీమీటర్ల పొడవైన పొర ఉంటుంది. హెచ్చు స్వరాలకు దాని మొదలు, మంద్ర స్వరాలకు చివర ఎక్కువగా కదులుతాయి. ఒక్కో స్వరానికి ఒక్కో చోటు. ఆ పొర మీద శబ్దతరంగం ఎలా ప్రయాణిస్తుందో చూపినందుకే బెకెషీ అనే శాస్త్రజ్ఞుడికి 1961లో నోబెల్ వచ్చింది.

కన్ను ఇలా పనిచేయదు. రంగు పట్టే కోన్ కణాలు అందులో మూడే రకాలు. ఎర్రదీపం, ఆకుపచ్చదీపం వెలుగులు ఒకే చోట పడితే మనకు కనిపించేది పసుపు. ఆ పసుపు తరంగం అక్కడ లేనేలేదు! రెండు కాంతులు కలిసి కోన్ కణాలను, నిజమైన పసుపు కాంతి కదిపినట్టే కదిపాయి, అంతే. ఇప్పుడు ఊహించండి: చెవి కూడా కన్నులా పనిచేస్తే, సా, పా కలిపి పాడినప్పుడు రెండూ మాయమై మధ్యలో ఎక్కడో 300 హెర్ట్జ్ అంతర గాంధారం వినిపించేది. కచేరీ అనేదే ఉండేది కాదు.

ఇంకొకటి. చెవి 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, దాదాపు పది స్థాయిలు (ఆక్టేవులు) వింటుంది. కన్ను చూసేది సుమారు 380 నుంచి 750 నానోమీటర్ల దాకా, ఒక్క స్థాయి కూడా నిండదు. తారషడ్జం వింటే మధ్యషడ్జం గుర్తొస్తుంది. ఎరుపుకు 'పై ఎరుపు' వెతికితే అది కంటికి కనబడని అతినీలలోహితంలోకి పోతుంది.

కన్ను రంగును పట్టే విషయంలో మహామహులే పొరబడ్డారు. విశాఖపట్నంలో పెరిగిన సి.వి. రామన్ మృదంగం మధ్యలోని నల్లటి పూత దాని నాదాన్ని ఎలా శ్రుతిబద్ధం చేస్తుందో 1920లోనే రాసిన మనిషి. చెవి వైపు అంత పదునుగా చూసిన ఆయనే, 1968లో అచ్చయిన 'ఫిజియాలజీ ఆఫ్ విజన్'లో ఈ మూడు రకాల కోన్ కణాల సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు. అప్పటికి నాలుగేళ్ళ ముందే, 1964లో, శాస్త్రజ్ఞులు కోన్ కణాలను ఒక్కొక్కటిగా కొలిచి మూడు రకాలని చూపించారు. రామన్ మీద నాకున్న గౌరవం దీనివల్ల రవ్వంత కూడా తగ్గలేదు. కానీ కొలతదే గెలుపు.

స్వరానికీ రంగుకూ జత లేకపోతే మరి ఫౌంటెన్ ఎందుకు బాగుంటుంది? కంటి అసలు బలం చోటును పట్టడం. ఏ ధార ఎక్కడుంది, ఎంత ఎత్తు లేచింది, ఎప్పుడు పడింది అన్నది ఇట్టే పసిగడుతుంది. స్వరం పెరిగితే ధార పెరగాలి, తాళం పడితే వెలుగు పడాలి. అయితే 5 మీటర్ల ఎత్తుకు నీరు లేవడానికి సుమారు ఒక సెకను పడుతుంది. కాబట్టి వాల్వు తాళం దెబ్బకు సెకను ముందే తెరుచుకోవాలి. ముందే తెలిసిన రికార్డు పాటకు ఇది సాధ్యం. ఎదురుగా మనోధర్మంతో వాయించే నాదస్వరానికి నీళ్ళు ఎప్పుడూ వెనకబడే ఉంటాయి. దీపానికి ఆ బాధ లేదు. నూరు మీటర్ల దూరంలో నిలబడ్డవాళ్ళకు మాత్రం వెలుగు కంటే పాట దాదాపు మూడోవంతు సెకను ఆలస్యం.

మన ఊళ్ళ కూడళ్ళలో వెలుగుల స్తంభాలు, పాడే ఫౌంటెన్లు పెట్టిస్తున్నవాళ్ళు ఇవేమీ పట్టించుకోవడం లేదని నా ఫిర్యాదు. రంగులు ఎక్కువైతే చాలు, మోత గట్టిగా ఉంటే చాలు అనుకుంటున్నారు. ధర్మపురిలో గానీ, అనంతపురంలో గానీ రేపు అలాంటిది కట్టాలనుకునే మునిసిపాలిటీకి నా విన్నపం ఒక్కటే: రంగుల పట్టిక తయారుచేసే ముందు, కాంట్రాక్టరు పక్కన తాళం తెలిసిన ఒక మృదంగ విద్వాంసుణ్ణి కూర్చోబెట్టండి.