టేకు చేప నేర్పిన పాఠం

మా ఏడో తరగతి పిల్లలను చెన్నై ఈసీఆర్‌లోని వీజీపీ మెరైన్ కింగ్‌డమ్‌కు తీసుకెళ్లాం. నీళ్ల కింది అద్దాల సొరంగంలో అడుగుపెట్టగానే గోల ఆగిపోయింది. తలల మీదుగా ఓ వెడల్పాటి చేప ఈదుకుంటూ పోయింది. "టీచర్, నవ్వుతోంది!" అన్నారు పిల్లలు.

"అది స్టింగ్ రే. కింది నుంచి కళ్లలా కనిపించేవి ముక్కు రంధ్రాలు. అసలు కళ్లు పైన ఉంటాయి. సొరచేపలాగే దీనికీ ఎముకలుండవు, మృదులాస్థే" అని వివరించాం. తెలుగు పేరు మాత్రం మాకు తట్టలేదు.

"మా తాత దీన్ని టేకు అంటాడు" అంది తరగతిలో ఎప్పుడూ నోరు మెదపని ఓ అమ్మాయి. ఆ తాత కాశిమేడు రేవులో పడవ పనికి వెళ్లేవాడట. "తోకలో విషపు ముల్లుంటుంది. వలలో పడితే ముందు తోక చూసుకోవాలట" అని కూడా చెప్పింది. ఇక ఆ పూటంతా పిల్లలు ఆమె వెంటే నడిచారు. తమిళంలో తిరుక్కై అంటారని ఇంకో పిల్లవాడు అందించాడు.

మాకు తట్టని మాట ఆ ఇంట్లో బతికే ఉంది. తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పిల్లలను ఇలాంటి చోట్లకు పంపేముందు తాతయ్యనో అమ్మమ్మనో అడిగి నాలుగు చేపల పేర్లు తెలుగులో రాసుకోమనండి. అడగడానికి ఆ పెద్దలు ఉన్నప్పుడే ఆ పని జరగాలి.